ఎడమ చెంప ముందు

ఆ సినిమా ఊళ్ళో ఆడుతున్నన్నాళ్ళూ ఎడంచేతి మామ సెలూన్లో వేరే మాట లేదు. ప్రభుత్వానికి ఎదురు మాట్లాడిన ఒక బస్సు మెకానిక్ మాయమవుతాడు. పైవాళ్ళకు తెలియకుండా ఒక రహస్య పోలీసు అతణ్ణి వెతుకుతాడు. మారువేషాలు వేస్తాడు, ఫోన్లు చాటుగా వింటాడు, మిద్దెల మీంచి మిద్దెల మీదికి దూకుతాడు. ఊళ్ళో నిజంగా జరిగిన సంగతినే సినిమా తీశారని అందరికీ తెలుసు. ఆ నిజం సంగతిలో మిద్దెలు దూకినవాడు ఎవడూ లేడని కూడా తెలుసు.

"మామా, మొదటినుంచి చివరిదాకా కళ్ళార్పకుండా చూశాను. నువ్వెక్కడా లేవే!" అన్నాడు కుర్చీలో కూర్చున్న కూరగాయల కొట్టతను, ముఖం నిండా నురగతో.

"ఎందుకు లేను? హీరోకి అంత నున్నగా గడ్డం ఎవరు గీశారనుకున్నావు?"

"మెకానిక్ అక్కని చిన్నపిల్లని చేసేశారు. ఆవిడకో పాట కూడా పెట్టారు!"

"నోరు మూసుకో. పైపెదవి దగ్గరున్నాను."

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. అంతలో గోడ అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. అక్కడ కూర్చుని కుట్టేది ఆ మెకానిక్ అక్కే. నవ్వులు ఎక్కడివక్కడ సద్దుమణిగాయి. కాసేపటికి మిషను మళ్ళీ కదిలింది గాని కొట్టతను ఇంక సినిమా ఊసెత్తలేదు.

సాయంత్రం ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "మామా, రేపు మధ్యాహ్నం ఆటకి నాతో వస్తావా? ఒక్కదాన్నీ కూర్చోలేను."

మామకు ఆ సినిమా చూడాలని లేదు. కాని ఎవరైనా ఏదైనా అడిగితే లేదనడం ఆయనకు చేతకాదు. "సరే తల్లీ" అన్నాడు. ఆమె వెళ్ళాక కత్తి తీసి తోలుపట్టీ మీద నూరుతూ ఉండిపోయాడు. అది అప్పటికే పదునుగా ఉంది.

ఆయనది పుట్టుకతో ఎడంచేతి వాటం. తండ్రిదీ ఇదే వృత్తి. కొడుకు కత్తిని ఎడమ చేత్తో పట్టుకుంటుంటే, "ఈ చేత్తో గీస్తే జనం ముక్కూ చెవులూ తడిమి చూసుకుని ఇంటికి పోవాలిరా" అని తిట్టాడు, కొట్టాడు, చివరికి ఆ చేతిని నడుముకు కట్టేసి నేర్పబోయాడు. తల్లి అడ్డుపడింది. "దేవుడిచ్చిన చెయ్యి. ఆయన పొరబడ్డాడని నువ్వు దిద్దుతావా?" అంది. తండ్రి తాడు విప్పేశాడు.

అలా ఆయన పనంతా తిరగేసి నేర్చుకున్నాడు. మిగతా మంగళ్ళు మనిషికి కుడిపక్క నిలబడి కుడి చెంప ముందు గీస్తారు. ఈయన ఎడమపక్క నిలబడి ఎడమ చెంప ముందు గీస్తాడు. కొత్తగా వచ్చినవాడు పాత అలవాటు కొద్దీ తల అటు ఎడమకి తిప్పుతాడు. మామ చుబుకం మీద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా ఇటు కుడికి తిప్పుతాడు. కొన్నాళ్ళు పోయేసరికి ఆ వేళ్ళతో పనుండదు. ఆయన ఎడమపక్కకు రాగానే తల దానంతటదే కుడికి వాలుతుంది. ఆ చెంప కాగానే గడ్డం పైకి లేస్తుంది. తరవాత తల రెండో పక్కకు తిరుగుతుంది. తాము అలా తిరుగుతున్నామని వాళ్ళకే తెలియదు. పని పూర్తయ్యాక మామ నడినెత్తిన అరచెయ్యి పెట్టి ఒక్కసారి అదుముతాడు. అయిపోయింది, దిగు అని దానర్థం.

చలికాలం నీళ్ళు వేడి చేసి గాని బ్రష్షు ముంచేవాడు కాదు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు తనే పెట్టె పట్టుకుని వెళ్ళేవాడు. గీయడం అయ్యాక దుప్పటి మీద ఒక్క వెంట్రుక లేకుండా దులిపి, "పెళ్ళికొడుకులా ఉన్నావు" అని నమ్మకంగా ఒక అబద్ధం చెప్పి వచ్చేవాడు. ఆయన కత్తికి ఎవరి రక్తమూ అంటలేదని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆయన గర్వపడిన సంగతి బహుశా అదొక్కటే.

పక్క కొట్టులో కుట్టుమిషను పెట్టుకున్న ఆమె, తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి తనే పెంచింది. ఆ తమ్ముడు డిపోలో మెకానిక్. జేబులో ఎప్పుడూ ఏదో ఒక నట్టు గలగలమంటుంటుందని అందరూ అతణ్ణి నట్టు అనే పిలిచేవారు. మీసం మొలవని రోజుల నుంచీ మామ కుర్చీలోనే కూర్చునేవాడు. ఒకసారి విషజ్వరం వచ్చి ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే మామ ఇంటికి వెళ్ళి గీశాడు. "స్పృహ లేదు గాని తల మాత్రం చెప్పినట్టు తిప్పాడమ్మా నీ తమ్ముడు" అని వాళ్ళక్కతో చెప్పి నవ్వాడు.

బ్రేకులు పడక ఒక బస్సు లోయలో పడి జనం చనిపోయారు. డిపోలో బ్రేకులు మార్చకుండానే మార్చినట్టు చూపిస్తున్నారని, ఆ సొమ్ము మంత్రిదాకా పోతోందని నట్టు మైకు ముందు చెప్పాడు. ఆ వారంలోనే డిపో గేటు దగ్గర అతణ్ణి జీపులో ఎక్కించుకుపోవడం చాలామంది చూశారు. చూశామని చెప్పడానికి మాత్రం ఒక్కరూ రాలేదు. పోలీసులు మా దగ్గర లేడన్నారు. భయపడి పారిపోయి ఉంటాడన్నారు.

అక్క వెళ్ళి అడిగితే వకీలు ఒక్కటే మాట చెప్పాడు. "వాళ్ళ దగ్గరున్నాడని చూసినవాడు ఒక్కడు కావాలమ్మా. ఒక్కడు ముందుకొస్తే చాలు, మీ తమ్ముణ్ణి కోర్టు బయటికి రప్పిస్తుంది."

ఆ ఒక్కడి కోసం ఆమె చప్పుడు చెయ్యకుండా వెతకడం మొదలుపెట్టింది. గుండీలు కుట్టించుకోవడానికి వచ్చిన నీళ్ళ ట్యాంకరు డ్రైవరును అడిగింది. పోలీసు క్వార్టర్లు ఊడ్చే ఆమె రవికలు ఉతుకు ఉతుక్కీ మళ్ళీ కుట్టిపెట్టి ఆమెను అడిగింది. "లోపలికి వెళ్ళేవాళ్ళని అడగాలి మామా. గేటు బయట నిలబడ్డవాళ్ళకేం తెలుస్తుంది?" అనేది.

"నా కుర్చీలోకి అందరూ వస్తారు తల్లీ. చెవులు తెరిచే ఉంచుతాను" అనేవాడు మామ. కాని అక్కడా ఏమీ వినపడలేదు.

ఒక ఉదయం షాపు తెరుస్తుండగా మామూలు బట్టల్లో ఒక మనిషి వచ్చాడు. "పెట్టె తీసుకుని బండెక్కు. రోజూ వచ్చేవాడికి జ్వరం."

"ఎక్కడికి బాబూ?"

"పెళ్ళికి."

బండి కిటికీలకు తెరలున్నాయి. కాని దిగి మెట్లెక్కగానే మామకు ఆ వరండా తెలిసింది. చిన్నప్పుడు తండ్రి వెంట పెట్టె మోసుకుంటూ అక్కడికి వచ్చేవాడు. అప్పట్లో అది అధికారులు దిగే బంగళా. ఇప్పుడు కిటికీ అద్దాలకు కాగితాలు అంటించి ఉన్నాయి. పట్టపగలు లైటు వెలుగుతోంది. ఫినాయిలు వాసన, దాని కిందనుంచి ఇంకేదో వాసన. బెంచీ మీద వరసగా మనుషులు, చేతులు కట్టేసి, కళ్ళకు నల్లగుడ్డలు బిగించి.

బనీను వేసుకున్న కాపలావాడు కుర్చీ చూపించాడు. "రేపు పైవాళ్ళు వస్తున్నారు. వీళ్ళు కాస్త మనుషుల్లా కనపడాలి. మీసం, గడ్డం అన్నీ తీసెయ్. వాళ్ళు మాట్లాడకూడదు, నువ్వూ మాట్లాడకూడదు." కిటికీ దగ్గర ఇంకొకాయన సిగరెట్ కాలుస్తూ అటు తిరిగి నిలబడ్డాడు.

మొదటివాడి చెంపకు తడి బ్రష్షు తగలగానే అతను గజగజ వణికిపోయాడు. దేనితోనో కొట్టబోయే ముందు చేసే తడి అనుకున్నాడు పాపం. సబ్బేనయ్యా అని చెప్పడానికి లేదు. మామ బ్రష్షును ముందు అతని మోచేతి మీద రాశాడు. నురగ సంగతి తెలిసేదాకా ఆగాడు. మిగతావాళ్ళందరికీ అలాగే చేశాడు. వాళ్ళంతా కొత్తవాళ్ళే, తల అటు తిప్పారు. రెండు వేళ్ళు ఆనించి ఇటు తిప్పుకుంటూ పని చేశాడు.

తరవాత ఒక బక్కపలచటి మనిషి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మెడదాకా గడ్డం. మామ ఎడమపక్కకు వచ్చి నిలబడ్డాడు. చెయ్యి ఇంకా తగలకముందే ఆ తల కుడికి వాలింది.

మామ చెయ్యి గాలిలోనే ఆగింది. మెల్లగా నురగ పట్టించాడు. వేళ్ళకు చుబుకం మీద పాత సొట్ట తగిలింది. ఎప్పుడో స్పానరు జారి తగిలిన సొట్ట అది. ఆ సొట్టను తప్పించుకుంటూ ఎన్నిసార్లు గీశాడో! దేవుడా, ఉన్నాడు అనుకున్నాడు. కత్తి దవడ కిందికి వచ్చేసరికి గడ్డం దానంతటదే పైకి లేచింది.

బనీనువాడు నవ్వాడు. "వీణ్ణి చూడండి సార్, చెప్పకుండానే ఎంత బుద్ధిగా తిరుగుతున్నాడో!"

కిటికీ దగ్గరాయన ఇటు తిరిగాడు. ఆయన నవ్వలేదు. "అవును. మిగతావాళ్ళంతా అటు తిరిగారు. వీడొక్కడే ఇటెందుకు తిరిగాడు?"

సిగరెట్ పారేసి ఆయన రెండడుగులు ముందుకు వేశాడు.

మామ ఆ కుర్చీలోని మనిషి జుట్టు పట్టుకున్నాడు. "వీడా బుద్ధిమంతుడు? కుడి చెంపకు పోదామంటే ఇంకా ఎడమదే చూపిస్తాడేంటి, వెధవ!" అంటూ తలను విసురుగా రెండో పక్కకు తిప్పాడు. కత్తి ఇంకా దవడ కిందే ఉంది. తెల్లటి నురగలోకి ఎర్రగా పాకింది.

"ఓరినీ! నిన్ను మాట్లాడొద్దన్నానుగా" అని బనీనువాడు పగలబడి నవ్వాడు. సిగరెట్టాయన ఒక క్షణం ఆ రక్తాన్ని చూశాడు. తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ పైన కుర్చీలోని మనిషికి ఏదీ తెలియలేదు. మామ కుడి చెంపకు వస్తే తల ఎటు తిప్పాలో తెలియక నిటారుగా ఉంచుకున్నాడు. వేళ్ళతో తిప్పాల్సి వచ్చింది. గడ్డం ఎత్తలేదు, మామే ఎత్తాడు. "దెబ్బతో ఉన్న బుద్ధి కూడా పోయిందిరా వీడికి" అన్నాడు బనీనువాడు. గాటు మీద మామ పటికముక్క అదిమాడు. ఆ మనిషి చిన్నగా ఊపిరి బిగబట్టాడు. పని అయ్యాక మామ అరచెయ్యి నడినెత్తికేసి లేచింది. కిటికీ వైపు చూసి, దించేసుకున్నాడు.

షాపు దగ్గర దించాక తన గుమ్మం ఎక్కకుండా నేరుగా పక్క కొట్టులోకి వెళ్ళాడు. "మిషను ఆపకు. తొక్కుతూనే ఉండు" అన్నాడు. ఆమె గుడ్డ లేకుండానే తొక్కుతూ ఆయన ముఖంలోకి చూసింది.

"ఉన్నాడు తల్లీ."

సూది ఉత్తినే పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. ఆమె కళ్ళ నీళ్ళు మిషను మీద పడ్డాయి గాని చప్పుడు మాత్రం ఆగలేదు. ఎక్కడున్నాడో చెప్పాడు. కొంచెం చిక్కాడన్నాడు. గాటు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

చూసిన ఆ ఒక్కడు తనే గనక కోర్టులో సంతకం పెట్టాలి. మామ ఇంటికి వెళ్ళి భార్యను అడిగాడు.

"పెళ్ళయినప్పటినుంచీ ఒక్క పని కూడా నన్నడిగి చెయ్యలేదు. ఇదొక్కటి అడుగుతున్నావా?" అందామె.

"భయమేస్తోందే."

"నాకూ వేస్తోంది. సంతకం పెట్టిరా. ఆ చొక్కా మాత్రం మార్చుకుని వెళ్ళు, కాలరు చిరిగింది."

కోర్టు మనుషులు బంగళాకు వెళ్ళేసరికి గోడలకు వేసిన సున్నం ఇంకా ఆరలేదు. కిటికీలకు కాగితాలు లేవు. లోపల ఒక్క మనిషీ లేడు.

ఆ తరవాత రెండు రోజులకు కాలవలో నట్టు శవం తేలింది. ఇన్నాళ్ళూ అడవిలో దాక్కున్నాడని, కాలవ దాటబోయి మునిగిపోయాడని పోలీసులు చెప్పారు. కోర్టుకెక్కకుండా ఉంటే బతికేవాడేమో అని వాళ్ళక్క పైకి ఎన్నడూ అనలేదు. లోపల అనుకోలేదని ఎవరు చెప్పగలరు? ఆస్పత్రిలో ఆమె తమ్ముడి ముఖం చూసింది. నున్నగా గీసిన ముఖం. దాని మీద కొత్తగా మొలుస్తున్న గరుకు. ఎడమ దవడ కింద ఎండీ ఎండని గాటు. "అయ్యా, ఇది కూడా రాయండి" అని డాక్టరును బతిమాలింది. ఆయన చుట్టూ ఉన్న పోలీసుల వైపు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, రాశాడు. ఆ మనిషిని దేవుడు చల్లగా చూడాలి.

కేసు విచారణలో ప్రభుత్వం తరఫు వకీలు మామను అడిగాడు. "ముఖం చూశావా?"

"కళ్ళకు గుడ్డ కట్టారు బాబూ. సగమే చూశాను."

"సగం ముఖం చూసి మనిషిని పోల్చావా?"

"ఆ సగమే నాకు బాగా తెలుసు."

కోర్టులో నవ్వారు. వకీలు కూడా నవ్వి, "నీ కత్తికి రక్తం అంటదని ఊరంతా చెబుతుందే. మరి ఈ గాటు నీదెలా అవుతుంది?" అన్నాడు. ఆ మాట నిజమేనని చెప్పించడానికి మామ షాపుకు వచ్చేవాళ్ళనే సాక్ష్యానికి పిలిపించాడు. వాళ్ళేం చేస్తారు, అబద్ధం చెప్పలేక, అవును, ఎప్పుడూ అంటలేదన్నారు. ఆయన పరువే ఆయనకు అడ్డం వచ్చి నిలబడింది.

"అంటింది. ఆ ఒక్కసారి అంటింది. నేనే కోశాను" అన్నాడు మామ. ఎందుకు కోశావని జడ్జి అడిగితే, "మేమిద్దరం ఒకరికొకరం తెలుసునని వాళ్ళకి తెలియకూడదని" అని మాత్రం చెప్పగలిగాడు.

జడ్జి నమ్మాడు. పోలీసుల చేతుల్లోనే పోయాడని తీర్పు వచ్చింది. బనీనువాడు జైలుకెళ్ళాడు. సిగరెట్టాయన ఇంకో ఊరికి, ఇంకా పెద్ద కుర్చీలోకి వెళ్ళాడు. మంత్రి మంత్రిగానే ఉన్నాడు.

ఎవరో వచ్చి మామ షాపులో అద్దం బద్దలు కొట్టారు. జనం కొన్నాళ్ళు భయపడి వీధి చివర మంగలి దగ్గరికి పోయారు. ఆ వీధి చివరాయనే ఒకరోజు తన అద్దం ఒకటి మోసుకొచ్చి మామ గోడకు తగిలించాడు. "నాకు రెండున్నాయి. నా ముఖానికి ఒకటే ఎక్కువ" అన్నాడు. ఇప్పటికీ అదే అద్దం.

కాని బంగళా నుంచి వచ్చిన ఆ రోజునుంచీ మామ ఎవరి తల ముట్టుకున్నా ముందు "తిప్పుతున్నాను బాబూ" అని చెప్పి గాని తిప్పడు.

ఆమె రమ్మన్న మధ్యాహ్నం ఆటకు హాల్లో జనం పలచగా ఉన్నారు. తెర మీద అక్క కుట్టుమిషను ముందు కూర్చుంటే పక్కనున్న అసలు అక్క, "ఆ పిల్లకి దారం ఎక్కించడం కూడా రాదు మామా" అని గుసగుసలాడింది. చివర్లో హీరో తలుపు బద్దలు కొట్టాడు. లోపల మెకానిక్ ప్రాణాలతో ఉన్నాడు. నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. మామ తల దించుకున్నాడు. ఆమె దించుకోలేదు, లైట్లు వెలిగేదాకా తెర వైపే చూస్తూ కూర్చుంది.

"ఒక్కచోటైనా ఇంటికొచ్చాడు" అంది.

బయట మెట్ల మీద జనమంతా వెళ్ళేదాకా కూర్చున్నారు. మామకు నోరు ఊరికే ఉండలేదు. "నేను చేసింది అందులో పెట్టలేదు తల్లీ. పెట్టి ఉంటే బాగుండేది. వాడికి ఆ గదిలో తెలిసిన చెయ్యి నాదొక్కటే. అదీ కోసింది. నన్ను తిట్టుకుంటూనే పోయి ఉంటాడు."

"కోర్టులో సగమే చెప్పావు. ఇప్పుడు మొత్తం చెప్పు. ఏదీ వదలకు."

చెప్పాడు. బ్రష్షు మోచేతికి రాసింది, సొట్ట తగిలింది, జుట్టు పట్టుకుంది. ఆమె మధ్యలో ఆపింది.

"ఆగు మామా. గాటు పడ్డాక కుడి చెంపకొచ్చావు. అప్పుడు వాడెటు తిరిగాడు?"

"తిరగలేదమ్మా. కొత్తవాడిలా తల నిటారుగానే ఉంచుకున్నాడు. భయంతో బిగుసుకుపోయాడు పాపం."

"గడ్డం ఎత్తాడా?"

"లేదు. నేనే ఎత్తాను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత కొంగు దించి అంది: "జ్వరంతో స్పృహ లేనప్పుడు కూడా నీ చేతికి తిరిగాడని నువ్వే చెప్పి నవ్వావు. గుర్తుందా? ఒళ్ళు తెలియనివాడే తిరిగాడే, భయపడ్డవాడు తిరగడా? అలవాటు దానంతటదే వచ్చేస్తుంది మామా. రాకుండా ఆపాలంటే పూర్తిగా మనసు పెట్టాలి. నువ్వెందుకు కోశావో వాడికి తెలిసింది. మళ్ళీ సరిగ్గా తిరిగితే నిన్ను కూడా ఆ బెంచీ మీద కూర్చోబెడతారనీ తెలిసింది."

మామ తన ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ ఉన్నాడు. హాలు ఊడ్చే మనిషి వాళ్ళ దగ్గరికి వచ్చి, లెమ్మనకుండా, వాళ్ళు కూర్చున్న మెట్టు వదిలేసి కింద మెట్టు ఊడ్చుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున్నే షాపులోకి ఎవరో పైఊరి మనిషి వచ్చాడు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మామ నురగ పట్టించి ఎడమపక్కన నిలబడగానే, కొత్తవాడు గనక, తల అటు తిప్పాడు. మామ రెండు వేళ్ళూ లేచి గాలిలో ఆగాయి. నట్టు కూడా చివరికి ఇలా కొత్తవాడిలాగే కూర్చున్నాడు.

"ఏమైంది మామా?" అన్నాడు ఆ మనిషి కళ్ళు తెరవకుండానే.

"ఏం లేదు బాబూ" అన్నాడు మామ. "కాసేపు అలాగే ఉండు."